కార్పెట్ తీసేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోవడం లేదు

శ్రీకాకుళం నుంచి ఒక సోదరి రాశారు. పేరూ, వీధి పేరూ వేయొద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలు ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

నాగావళికి దగ్గర్లో వాళ్ల మావగారు 1987లో కట్టించిన డాబా ఇల్లు. హాల్లోనూ, పక్కనే ఉన్న అత్తగారి గదిలోనూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెరూన్ రంగు కార్పెట్ అంటించి ఉంది. 1998లో మావగారే విశాఖపట్నం నుంచి తెప్పించి వేయించారు. ఆయన పోయి మూడేళ్లవుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నాడు కిటికీ రెక్క ఊడి, హాల్లో సగం కార్పెట్ నానిపోయింది. వారం రోజులు ఫ్యాన్లు వేసి ఆరబెట్టారట. అప్పటి నుంచి ప్రతి వానాకాలం ఇల్లంతా ముక్కవాసన. నాలుగేళ్ల బాబు పాలగ్లాసు మొదలుకొని చారు గిన్నె దాకా ఏదో ఒకటి ఒలకబోస్తూనే ఉంటాడు. రాత్రిళ్లు వాడికి దగ్గు. దుమ్ముకి దూరంగా ఉంచమని డాక్టరు చెప్పారు. ఈవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. వారంలో దొరికే ఒక్క ఆదివారం కార్పెట్ తోమడానికే సరిపోతోంది.

చేతిలో 60 వేలు ఉన్నాయి. అద్దంలా మెరిసే తెల్ల టైల్స్ వేయిద్దాం, చదరపు అడుగు 60 రూపాయలేనని భర్త అంటున్నారు. ఏడు రోడ్ల కూడలి వైపు ఒక షాపులో ఎస్‌పీసీ పలకలు (రాతిపొడి, పీవీసీ కలిపి చేసినవి) చూపించి, నీళ్లు పోసినా ఏమీ కాదని చదరపు అడుగుకి 140 రూపాయలు చెప్పారు. వినైల్ (ప్లాస్టిక్) షీటు పరిచేస్తే రెండు గంటల్లో పనైపోతుందని ఆడపడుచు సలహా. మోకాళ్ల నొప్పులున్న 72 ఏళ్ల అత్తగారిది ఒకటే మాట: "మీ మావ ఏసింది. నాను బతికుండగా ఎవులూ ముట్టడానికి లేదు." కార్పెట్ కింద ఏముందో కూడా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. ఉత్త సిమెంటు గచ్చు అని కొడుకు, ఆకుపచ్చ అంచు ఉన్న మొజాయిక్ అని తల్లి.

ఉత్తరం చివర్లో ఇలా ఉంది: "రెండు నెలలుగా అత్తమ్మ మంచం దగ్గర నుంచి బాత్‌రూమ్ గుమ్మం దాకా తెల్లారేసరికి తడి కనిపిస్తోంది. బాబు నీళ్లు పోశాడంటుంది. బాబు అప్పటికి లేవడు. సరే, అది వదిలేయండి. ఏ నేల వేయించుకోవాలో, అత్తమ్మని ఎలా ఒప్పించాలో చెప్పండి. నేను గట్టిగా అంటే కోడలి పెత్తనం అంటారు."

అమ్మా, మీరు వదిలేయమన్న మాటని నేను వదల్లేకపోతున్నాను. మొదటిసారి చదివినప్పుడు ఇది టైల్స్ గురించిన ప్రశ్న అనుకున్నాను. రెండోసారి చదువుతుంటే ఆ తడి దారి దగ్గర ఆగిపోయాను. మీకూ అనుమానం ఉంది, పైకి అనడానికి మనసు రాలేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మోకాళ్ల నొప్పులున్న మనిషికి మంచం మీద నుంచి లేచి నిలబడటానికే రెండు నిమిషాలు పడుతుంది. రాత్రి పూట బాత్‌రూమ్ చేరేలోపు ఆపుకోలేకపోవడం ఆ వయసులో చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. దాని వెనక షుగరు ఉండొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, బీపీకి వేసుకునే మాత్రల్లో నీరు ఎక్కువ పోయేలా చేసేవి ఉండొచ్చు. వీటిలో దేనికైనా డాక్టరు దగ్గర మార్గం ఉంది. లేదా పాపం నిజంగానే చెంబులో నీళ్లు ఒలికి ఉండొచ్చు. ఏదైనా సరే, ముందు తెలుసుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు ఆవిడ కళ్లతో ఆ గది చూడండి. కార్పెట్ మీద పడ్డ తడి ఇంకిపోతుంది. మెరూన్ రంగు కాబట్టి పొద్దెక్కేసరికి కనిపించదు. అదే మీ ఆయన చెబుతున్న తెల్ల టైలు అయితే, తెల్లారగానే కొడుకు చూస్తాడు, కోడలు చూస్తుంది, పనమ్మాయి చూస్తుంది. పైగా ఆ తడి మీదే తను కాలేసి జారితే తుంటి విరుగుతుందన్న భయం. మావగారి జ్ఞాపకం అబద్ధమని నేను అనడం లేదు, అది నిజమే. కానీ ఆ ఒక్క మాట వెనక ఈ రెండు భయాలు కూడా దాక్కుని ఉండొచ్చు. మీరు ఎన్ని రకాల టైల్స్ చూపించినా ఆవిడ కదలకపోవడానికి కారణం అదే అయితే, షాపుల చుట్టూ తిరిగి లాభం లేదు.

ఈ మాట కొడుకు ముందు ఎత్తకండి. మీరిద్దరే ఉన్నప్పుడు, జడ వేస్తూనో కూర తరుగుతూనో, "అత్తమ్మా, రాత్రిళ్లు లేవడం కష్టంగా ఉందేటి? మనిద్దరమే ఓసారి డాక్టరమ్మ దగ్గరికి ఎల్లొద్దాం" అంటే చాలు. కార్పెట్ ఊసు అప్పుడు తేవద్దు. మంచం పక్కన రాత్రంతా వెలిగే చిన్న బల్బు, లేవడానికి ఊతంగా చేతులున్న కుర్చీ, అవసరమైతే మంచం దగ్గరే పెట్టుకునే కమోడ్ కుర్చీ, ఇవన్నీ ఈ వారమే చేయగలిగినవి. ఆ దారి పొడిగా ఉండటం మొదలైతే నేల మార్చే మాట ఆవిడకి ఇంత బరువుగా అనిపించకపోవచ్చు. మీరు అడిగినా ఆవిడ కొట్టిపారేస్తే, ఆ రోజుకి ఊరుకోండి. నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. నిలదీస్తే మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇక వాసన సంగతి. ఆ తరం కార్పెట్లకి చాలావాటికి అడుగున జనపనార అల్లిక ఉంటుంది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నార కోసం గోగు పండించే ఊళ్లలో, జూట్ మిల్లుల దగ్గర పెరిగినవాళ్లకి తడిసిన గోనెసంచి వాసన చెప్పక్కర్లేదు. మీ హాల్లో వచ్చేది అదే అయ్యుంటుంది. పై పోగు ఆరినా అడుగున ఉన్న నార ఆరదు, బూజు పడుతుంది. దాని మీద పాలు, చారు, మరోటి పడి లోపలే పులుస్తాయి. షాంపూ వేసి తోమితే ఇంకాస్త నీళ్లు తాగుతుంది. కాబట్టి మీ ఆదివారాలు మీవి మీరు వెనక్కి తీసుకోండి. ఆ కార్పెట్ తీసేయాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. గాల్లో తేమ ఎక్కువగా ఉండే మన సముద్రపు ప్రాంతంలో కార్పెట్ లోపల దుమ్ము పురుగులు బాగా పెరుగుతాయి. బాబు దగ్గుకి అదొక్కటే కారణమని చెప్పలేం గానీ, డాక్టరు దూరంగా ఉంచమన్న దుమ్ము మాత్రం వాడు రోజూ దొర్లే చోటే ఉంది.

తీసేశాక ఏం వేయాలన్నది మరో ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. తడి పై నుంచే వస్తోందా, కింద నుంచి కూడా ఎక్కుతోందా? నది దగ్గరి ఇల్లు, 1987 నాటి పునాది. నేల కింద చెమ్మని ఆపే పొర వేయడం అప్పటి ఇళ్లలో అంతగా లేదు. ఇది తేల్చకుండా ఎంత ఖరీదైనది వేసినా రెండు వానాకాలాల తర్వాత మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

తేల్చడం చాలా తేలిక. హాల్లో బీరువా వెనక మూల ఒకటి, అత్తమ్మ గదిలో బాత్‌రూమ్ గోడ వైపు ఒకటి, రెండు చోట్ల కార్పెట్ మూల రెండేసి అడుగులు పైకి లేపండి. కింద గచ్చుని పుట్టీ బ్లేడుతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఒక రోజు ఫ్యాను గాలికి వదిలేయండి. తర్వాత అడుగున్నర వెడల్పు ఉన్న పల్చటి పాలిథిన్ కవరు పరిచి, నాలుగు అంచులూ బ్రౌన్ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక పగలు, ఒక రాత్రి అలా ఉంచి చూడండి. కవరు లోపలి వైపు సన్నటి చెమట బొట్లు పట్టినా, దాని కింద గచ్చు నల్లబడినా చెమ్మ కింద నుంచి వస్తున్నట్టే. పొడిగా ఉంటే మీ శత్రువు బాబు చేతిలోని గ్లాసు మాత్రమే. ఈ పరీక్షకి వానలు పడుతున్న రోజులే మంచివి. ఎండాకాలంలో చేస్తే అన్నీ పొడిగానే కనిపిస్తాయి.

బాత్‌రూమ్ వైపు మూల మాత్రమే చెమ్మగా ఉండి హాలు పొడిగా ఉంటే, నేల మీద అనుమానం మానేసి ప్లంబర్ని పిలవండి. గోడ లోపల పైపు కారుతుండొచ్చు. బయటి గోడ పక్కన అయితే, డాబా నీళ్లు పడే గొట్టం గోడ మొదట్లోకే పోస్తోందేమో చూడండి. ఇలాంటివి కొద్ది ఖర్చుతో పోతాయి. గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసినట్టు పొడి రాలుతుంటే, అది చాలాకాలంగా ఉన్న చెమ్మకి గుర్తు.

కింద నుంచి చెమ్మ ఉందని తేలితే వినైల్ షీటు, ఎస్‌పీసీ రెండూ పక్కన పెట్టడమే మంచిది. ఆడపడుచు గారు చెప్పింది చౌక, త్వరగా అయిపోతుంది, అదంతా నిజమే. కానీ షీటు కింద చెమ్మ బయటికి పోలేక బుడగలు లేస్తుంది, మళ్లీ అదే ముక్కవాసన. ఎస్‌పీసీ పలకల్ని ఒకదానిలో ఒకటి బిగించి, జిగురు లేకుండా పరుస్తారు. పలక నీళ్లకి ఉబ్బదు, షాపులో చెప్పింది అంతవరకు సరైనదే. పలకకి, గచ్చుకి మధ్య చేరిన నీటి గురించి మాత్రం అక్కడ ఎవరూ చెప్పి ఉండరు. ఒలికిన వెంటనే తుడిస్తే ఇబ్బంది లేదు. రాత్రి పడి తెల్లారేదాకా ఉన్న తడి అతుకుల్లోంచి దిగుతుంది. అత్తమ్మ గదికి నేను దాన్ని చెప్పలేకపోవడానికి ఇదొక కారణం.

గచ్చు పొడిగా ఉందని తేలితే మాత్రం ఎస్‌పీసీలో మంచి గుణాలు ఉన్నాయి. రాయిలా చల్లగా ఉండదు, మోకాళ్లకి కాస్త మెత్తన, రెండు రోజుల్లో పనైపోతుంది. కింద నేల సమంగా ఉండాలి. రెండు మీటర్ల పొడవులో మూడు మిల్లీమీటర్లకి మించి ఎత్తుపల్లాలుంటే నడిచినప్పుడు పలకలు కదిలి, బిగింపులు విరుగుతాయి. పడమటి ఎండ నేరుగా పడే చోట సాగి లేచే ప్రమాదం ఉంది కాబట్టి గోడల వెంట సందు వదలమనండి, గోడ అడుగున వేసే పట్టీ (స్కర్టింగ్) దాన్ని కప్పేస్తుంది. మీ రెండు గదులకీ కలిపి పలకలకే 48 వేలు అవుతుంది. నేల చదును చేయించడానికి 60 వేలలో మిగిలేది తక్కువ.

మీ ఆయన చెప్పిన మెరిసే టైలు విట్రిఫైడ్ రకం, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరిచినది, మంచి సరుకే. అది నీళ్లని పీల్చేది అర శాతం కన్నా తక్కువ. పసుపు, చారు, ఆవకాయ నూనె పడినా టైలుకి ఏమీ కాదు. నా అభ్యంతరం అద్దంలాంటి మెరుపు మీద మాత్రమే. తడి పడితే ఆ మెరుపే జారుడు. అదే విట్రిఫైడ్‌లో మ్యాట్ (మెరుపు లేని) రకం అదే ధరకి అటూఇటూగా దొరుకుతుంది. టైలు జారకుండా పట్టుకునే గుణానికి ఆర్9 నుంచి ఆర్13 వరకు అంకెలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. హాల్‌కి ఆర్10, అత్తమ్మ బాత్‌రూమ్ దారికి ఆర్11 అడగండి. అంతకన్నా గరుకైతే మట్టి పట్టి తుడవడం కష్టం. రంగు కూడా పాల తెలుపు వద్దు, ఇసుక రంగో లేత బూడిద రంగో తీసుకోండి. నడిచేవాళ్లకి తడి కనిపించాలి, అలాగని ప్రతి మరకా ఊరందరికీ చాటింపు వేయకూడదు.

షాపులో చూసి నిర్ణయం తీసుకోవద్దు. రెండు రకాల శాంపిల్ టైల్స్ ఇంటికి తెచ్చుకోండి. రాత్రి ఒక దాని మీద పసుపు కలిపిన నూనె, ఇంకో చోట చింతపండు పులుసు వేసి వదిలేసి, పొద్దున తుడిచి చూడండి. తర్వాత నీళ్లు చల్లి మీరు చెప్పులు లేకుండా కాలు రుద్దండి. అత్తమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఆవిడ చేత కూడా కాలు పెట్టించండి. ఏది జారుతుందో ఆ పాదాలకి మీకన్నా బాగా తెలుస్తుంది.

టైల్స్‌లో మరక నిలిచేది అతుకుల దగ్గరే. అతుకుల్లో నింపే మామూలు సిమెంటు ముద్ద, అంటే గ్రౌట్, పసుపుని పీల్చేస్తుంది, మూత్రం వాసన కూడా అక్కడే ఉండిపోతుంది. మీ ఇంట్లో నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ వేయించడానికి పెట్టే డబ్బు వృథా కాదు. మేస్త్రి "సందు లేకుండా అతికించేస్తానమ్మా" అంటే ఒప్పుకోకండి. టైల్స్ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్కలు (స్పేసర్లు) పెట్టి రెండు మిల్లీమీటర్ల సందు వదిలితేనే గ్రౌట్ లోపలికి దిగుతుంది. టైలు అతికించాక నాణెంతో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట కింద జిగురు అందలేదని అర్థం. రేపు గిన్నె పడితే అక్కడే పగులుతుంది.

లెక్క కూడా చెబుతాను. హాలు 12 అడుగులకి 16, గది 10కి 12 అని రాశారు, అంటే 312 చదరపు అడుగులు. కటింగ్‌కి పది శాతం కలిపితే 343. రెండడుగుల టైలు అంటారు గానీ అది నిజానికి 600 మిల్లీమీటర్లు. నాలుగు టైల్స్ ఉన్న పెట్టె 15.5 చదరపు అడుగులకే వస్తుంది. 23 పెట్టెలు కావాలి, 60 చొప్పున 21 వేల పైచిలుకు. కూలీ, జిగురు, ఎపాక్సీ, స్కర్టింగ్ కలిపి దాదాపు మళ్లీ అంత అవుతుందనుకోండి. 60 వేలలో సర్దుకుంటుంది. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూసి దించుకోండి, లేకపోతే రంగులో తేడా వస్తుంది. పాత గచ్చు మీదే అతికిస్తే నేల సెంటీమీటరు పైన లేస్తుంది. తలుపుల అడుగున కోయాలి. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర మెట్టులా మిగలకుండా చూడండి, అత్తమ్మ కాలు తగిలేది అక్కడే.

లామినేట్ చెక్క పలకలు ఎవరైనా చెబితే వద్దనండి, నీళ్లకి ఉబ్బుతాయి. పాలరాయి పులుపుకి మచ్చపడుతుంది. మన టెక్కలి నీలి గ్రానైట్ దేశాలు దాటి వెళ్తోంది, గట్టిదనంలో దానికి సాటి తక్కువ. అయితే పాలిష్ చేసింది జారుతుంది, 60 వేలలో రెండు గదులకీ అందదు. గుమ్మాల దగ్గర పట్టీలకి వాడుకుంటే బాగుంటుంది.

మీరు ఆలోచించని దారి ఇంకొకటి ఉంది, నాకు మాత్రం అన్నిటికన్నా అదే నచ్చింది. కింద ఉన్నది మొజాయిక్ అని అత్తమ్మ అంటున్నారు కదా. నేను ఆవిడనే నమ్ముతాను. కార్పెట్ వేయకముందు పదకొండేళ్లు ఆ గచ్చుని తుడిచింది ఆవిడ. అప్పటికి మీ ఆయన చిన్నపిల్లాడు. మొజాయిక్ అంటే సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పోసి, ఆరాక మిషన్‌తో అరగదీసిన గచ్చు. పాత జిగురు గీకించి, పగుళ్లు పూడ్పించి, మళ్లీ మిషన్ పట్టిస్తే ఇంకో ఇరవై ఏళ్లు ఇంట్లో తిరగొచ్చు. మరీ మెరుపు వద్దని, మధ్య నంబరు అరగదీసే రాళ్లతో ఆపేయమని పాలిష్ వాళ్లకి చెప్పండి. దాని మీద సీలర్ (మరకలు లోపలికి దిగకుండా పూసే పూత) వేయించాలి. లోపం ఏమిటంటే నిమ్మరసం, చింతపండు పడి నిలిస్తే మచ్చ వస్తుంది, బాత్‌రూమ్ యాసిడ్ దగ్గరికే రానివ్వకూడదు. పని జరిగినన్నాళ్లు బూడిద బురద గోడలకి చిమ్ముతుంది. ఎక్కువ చోట్ల పగిలి ఉంటే ఈ ఆలోచన మానేసి మ్యాట్ టైల్స్‌కి వెళ్లిపోవచ్చు. బాగుంటే మాత్రం, "మావయ్య వేయించినది తీసేస్తున్నాం" అనాల్సిన అవసరం మీకు ఉండదు. ఆయన వేయించిన మొదటి నేలనే బయటికి తీస్తున్నారు.

పని ఏదైనా తుఫాన్ల రోజులు పోయాక, సంక్రాంతి చుట్టాలు వెళ్లాక పెట్టుకోండి. ఫిబ్రవరి ఎండకి గచ్చు బాగా ఆరుతుంది. కార్పెట్ చింపే రోజు బాబుని అమ్మమ్మ ఇంటికి పంపండి. నీళ్లు తేలిగ్గా చిలకరించి, రెండడుగుల పట్టీలుగా కోసి చుట్టేయమనండి, దుమ్ము లేవదు. పెరట్లో కాల్చవద్దు, ఆ పొగ మంచిది కాదు. జిగురు తీయడానికి పెట్రోలు, థిన్నర్ లాంటివి మూసిన గదిలో వాడనివ్వకండి.

తుఫానుకి తడవని చోటు, సోఫా కింద ఎక్కడో, బాగున్న ముక్క ఒకటి దొరుకుతుంది. దాన్ని ఎండలో వేసి, అంచులు కుట్టించి, మావగారి పడక్కుర్చీ కింద వేయండి. నాలుగు కాళ్లూ దాని మీదే ఉంటే కదలదు. విడిగా నేల మీద మాత్రం పరచకండి, అత్తమ్మ కాలికి అడ్డం పడుతుంది. చలికి, నొప్పులకి ఇంట్లో వేసుకునే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు కొనిపెట్టండి.

మీ ఆయనకి ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. తల్లి ఒప్పుకుంటే తప్ప రాత్రి తడి సంగతి ఆయనకి చెప్పొద్దని మాత్రం నా కోరిక. జారుతుందని చెబితే మ్యాట్ టైల్స్‌కి ఆయన ఒప్పుకోవడానికి అదే చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన తర్వాత వచ్చే ఆదివారం, తోమే పని మానేసి, బీరువా కాస్త జరిపించండి. అత్తమ్మకి పక్కనే కుర్చీ వేసి, ఆకుపచ్చ అంచు ఏ మూల మొదలవుతుందో ఆవిడనే చూపించమనండి. ఆవిడ చూపించిన చోటే మూల లేపండి. అంచు కనిపించిందో లేదో నాకూ రాయండి.